బాధ లేకపోతే బొమ్మ రాదా?

పోయిన నెల ఇక్కడ చెన్నైలో ఒక చిన్న గ్యాలరీలో నా ప్రింట్లు, అంటే ప్లేటు మీద గీసి కాగితం మీద అచ్చు తీసిన బొమ్మలు, కొన్ని పెట్టారు. చివరి రోజు సాయంత్రం కాసేపు మాట్లాడమంటే మాట్లాడాను. అయిపోయాక అందరూ టీ గ్లాసులు పట్టుకుని నిలబడి ఉంటే ఒక అమ్మాయి దగ్గరికి వచ్చింది. తిరుపతి వైపు పిల్ల, ఇక్కడ హాస్టల్లో ఉండి బొమ్మలు నేర్చుకుంటోంది, నాతో తెలుగులో మాట్లాడొచ్చని తెలియగానే మొహం విప్పారింది. మా తమ్ముడి బొమ్మ ముందు చాలాసేపు నిలబడి, గొంతు తగ్గించి అడిగింది: "అక్కా, నాకు ఇంత పెద్ద బాధ ఎప్పుడూ రాలేదు. అమ్మా నాన్నా బాగున్నారు, అన్నయ్య బాగున్నాడు. అందుకేనా నా బొమ్మల్లో లోతు లేదంటున్నారు?"

అలాంటిదేం లేదమ్మా అని ఏదో చెప్పాను. ఈలోగా ఎవరో పిలిచారు, ఆ పిల్ల వెళ్ళిపోయింది. రాత్రి బస్సులో వస్తుంటే ఆ ప్రశ్న తలచుకుని భయం వేసింది. ఇరవై ఏళ్ళ పిల్ల, ఇంట్లో అందరూ బతికి ఉండటం తన పనికి ఒక లోటు అనుకుంటోంది. ఈ ఆలోచన ఆ పిల్లకి ఎక్కడో ఒకచోట ఎవరో నేర్పి ఉండాలి, నేర్పినవాళ్ళలో నేను కూడా ఉన్నాను. ఎందుకంటే ఆ బొమ్మ పక్కన గోడకి అంటించిన కాగితంలో "తమ్ముడి మరణం నుంచి పుట్టిన చిత్రం" అని రాసి ఉంది. రాసింది నేను కాదు, కానీ ముందే నాకు పంపి సరేనా అని అడిగారు, నేను సరే అన్నాను.

ఆ బొమ్మ మరణం నుంచి పుట్టలేదు. ఆ రోజు నిలబడి చెప్పలేకపోయినది ఇక్కడ రాస్తున్నాను. కొంచెం పొడుగవుతుంది.

"నీకు బొమ్మలున్నాయి కదమ్మా"

తమ్ముడు 2019 నవంబరులో పోయాడు. డెంగీ. 29 ఏళ్ళు. చెన్నై సాలిగ్రామంలో ఒక డబ్బింగ్ స్టూడియోలో సౌండ్ పని చేసేవాడు, జ్వరం వచ్చిన మూడో రోజు కూడా డ్యూటీకి వెళ్ళాడు, తొమ్మిదో రోజుకి లేడు. దాని గురించి ఇంతకన్నా రాయను.

కర్మలు అయ్యాక పలకరించడానికి వచ్చినవాళ్ళు ఇంచుమించు అందరూ నాతో ఒకే మాట అన్నారు. నీకు బొమ్మలున్నాయి కదమ్మా, నీ బాధంతా అందులో పెట్టెయ్, మాకు ఆ దారి కూడా లేదు. మా పిన్ని అంది, పక్కింటి అత్త అంది. నాతో చదువుకున్నవాళ్ళు ఇంకో మెట్టు పైకి వెళ్ళి, ఇక నీ పని వేరే స్థాయికి వెళ్తుంది చూడు అన్నారు. అందరూ మంచి మనసుతో అన్నవాళ్ళే, అందుకే నమ్మాను.

ఇరవై రోజులు తిరక్కుండానే పెద్ద కాగితాలు తెచ్చుకుని బొగ్గుతో గీయడం మొదలుపెట్టాను. రాత్రుళ్ళు తలుపేసుకుని, ఏడుస్తూ, చేతులూ మొహం నల్లగా అయ్యేదాకా. 30 పైనే వేసి ఉంటాను. వేస్తున్నంతసేపూ ఏదో గొప్పది బయటికి వస్తున్నట్టే అనిపించేది. తర్వాత ఒక రోజు పగటి వెలుతురులో అన్నీ నేల మీద పరిచి చూశాను. నోరు తెరిచిన మొహాలు, చేతులు పైకెత్తిన మనుషులు, నల్లటి అడ్డదిడ్డం గీతలు. పరీక్షలో "దుఃఖం" అని ఇచ్చి బొమ్మ వేయమంటే ఎవరైనా వేసేవి అవే. నా ఏడుపు ప్రతి కాగితం మీదా ఉంది. మా తమ్ముడు ఒక్కదాంట్లోనూ లేడు. వాడి చెవులు కొంచెం బయటికి ఉంటాయి, ఎడమ కనుబొమ మీద ఆరేళ్ళప్పుడు రంగు డబ్బా మూత గీసుకున్న మచ్చ ఉంటుంది, నవ్వబోయే ముందు కింది పెదవి ఒక పక్కకి లాగుతాడు. ఇవేవీ నా బొమ్మల్లో లేవు.

అవి చుట్టి అటక మీద పెట్టాక 14 నెలలు నా పని అంటూ ఏమీ చేయలేదు. పాఠ్యపుస్తకాలకి బొమ్మలు వేశాను, ఆదివారాలు పిల్లలకి డ్రాయింగ్ చెప్పాను, ఇల్లు గడవాలి కదా. కనిపించిన ప్రతివాళ్ళూ ఏమైనా వేస్తున్నావా అని అడిగేవారు. లేదంటే ఒక్క క్షణం ఆగి జాలిగా చూసేవారు. తమ్ముడు పోయిన బాధ కంటే, ఆ బాధతో నేను ఏమీ చేయలేకపోతున్నానన్న టెన్షన్ ఎక్కువైన రోజులు ఉన్నాయి.

గోడ మీద ఫోటో, వీధి చివర ఫ్లెక్స్

నా ఆలోచన మార్చిన విషయం బొమ్మలకి సంబంధించింది కాదు. పెద్దకర్మ కోసం వాడి ఫోటో పెద్దది చేయించాలి. ఉన్నవాటిలో పాస్‌పోర్టు ఫోటో ఒక్కటే నిండుగా ఉంది, దాన్నే ఫోటో స్టూడియోలో ఇచ్చాం. వాళ్ళు అలవాటు ప్రకారం బాగు చేసి ఇచ్చారు. రంగు తెల్లబరిచారు. చెవులు కొంచెం లోపలికి నొక్కారు. కనుబొమ మీద మచ్చ తీసేశారు. చొక్కా మీద కోటు తొడిగి వెనక నీలం మబ్బులు పెట్టారు. దండ వేసే వేళకి తెచ్చారు, మార్పించే టైము లేదు. మా నాన్న ఆ ఫోటో వైపు చూసి, "ఎవరే వీడు?" అన్నాడు. ఆయనకి మతి తప్పిందేమోనని వచ్చినవాళ్ళు కంగారుపడ్డారు. ఆయన మతి మహా నిక్షేపంగా ఉంది.

నాన్న గురించి చెప్పాలి. గూడూరు పక్క నుంచి కుర్రతనంలో మద్రాసు వచ్చి సినిమా బ్యానర్ల కంపెనీలో చేరాడు. మౌంట్ రోడ్డులో నిలబెట్టే 40 అడుగుల కటౌట్లకి మొహాలు వేసేవాడు. మొహం వేసేవాడంటే కంపెనీలో పెద్దవాడని లెక్క, అక్షరాలు వేసేవాళ్ళు, బట్టలు నింపేవాళ్ళు వేరే ఉంటారు. 2000 దాటాక ఫ్లెక్స్ వచ్చి ఆ పని మొత్తం పోయింది. నాన్న తర్వాత స్కూలు గోడలకీ లారీలకీ వేశాడు, చేయి వణకడం మొదలయ్యాక మానేశాడు.

చెన్నైలో ఉన్నవాళ్ళకి తెలుసు, ఇక్కడ మనిషి పోతే స్నేహితులు వీధి చివర "కన్నీర్ అంజలి" అని ఫ్లెక్స్ కడతారు. తమ్ముడి స్నేహితులూ కట్టారు. ఆ తెల్లబరిచిన ఫోటోనే ఇంకా సాగదీసి ఎనిమిది అడుగుల ఎత్తున పెట్టారు, కింద వాళ్ళ పేర్లు, చిన్న చిన్న మొహాలు. ప్రేమతో చేసిన పని, వాళ్ళని ఒక్క మాట అనను. కానీ నాన్న పాల ప్యాకెట్టు కోసం అటువైపు వెళ్ళినప్పుడల్లా దాని ముందు ఆగేవాడు. ఒక రోజు నేను వెనకే వెళ్ళి లాక్కొద్దామని చూస్తే, చేత్తో గాలిలో చూపిస్తూ, "మచ్చ ఇక్కడుండాలి. చెవి ఇంతవరకూ రావాలి. ఈ నీడ ఇలా పడదు," అని ఒక్కొక్కటీ చెప్పుకుంటూ పోయాడు. కళ్ళలో నీళ్ళు లేవు. కంపెనీలో కుర్రాళ్ళ తప్పులు దిద్దే గొంతు అది.

అప్పుడు అర్థమైంది, మా ఇద్దరికీ కావలసింది ఒకటేనని. మా బాధ ఎవరికైనా కనబడాలన్నది మా కోరిక కాదు, వాడు ఉన్నట్టు కనబడాలి, అంతే. నా 30 బొగ్గు బొమ్మలూ ఆ స్టూడియోవాళ్ళు చేసిన పనే చేశాయి. వాళ్ళు వాడి మచ్చ తీసి కోటు తొడిగారు, నేను మచ్చ తీసి నా ఏడుపు తొడిగాను.

చూసినందుకు సిగ్గుపడ్డాను

ఇంకో విషయం చాలాకాలం ఎవరికీ చెప్పుకోలేదు. తమ్ముణ్ణి ఇంటికి తెచ్చి ఫ్రీజర్ బాక్సులో పెట్టిన రాత్రి, అందరూ ఏడుస్తుంటే నేను వాడి పెదవుల చుట్టూ రంగు చూస్తున్నాను. బూడిద రంగులో కొంచెం ఆకుపచ్చ కలిసినట్టు ఉంది, అద్దం మీద ట్యూబ్‌లైట్ గీత పడి ఆ పచ్చదనం ఇంకా పెరిగింది, దానికి ఏమేం కలపాలో నా బుర్ర లెక్క వేస్తోంది. ఒక్క నిమిషమే. తర్వాత నా మీద నాకే అసహ్యం వేసింది, తోడబుట్టినవాడు పోతే రంగులు లెక్కపెట్టే మనిషిని నేను అని.

ఫ్రెంచి చిత్రకారుడు మోనే సంగతి అంతకుముందే చదివి ఉన్నాను, కానీ తలకెక్కలేదు. 1879లో ఆయన భార్య కమీల్ 32 ఏళ్ళకే పోయింది. మంచం మీద ఉన్న ఆమెని అలాగే వేశాడు, ఆ బొమ్మ ఇప్పటికీ ఉంది. ఎన్నో ఏళ్ళ తర్వాత స్నేహితుడు క్లెమెన్సో దగ్గర చెప్పుకున్నాడట, తనకి అంత ప్రియమైన మొహం మీద చావు తెస్తున్న రంగులు, నీలం, పసుపు, బూడిద, ఒకదాని తర్వాత ఒకటి ఎలా మారుతున్నాయో తనకి తెలియకుండానే గమనిస్తూ ఉండిపోయానని. ఆయనకీ అది బాధించిన జ్ఞాపకమే. నాకు మాత్రం ఆ మాట ప్రాణం పోసింది. చూడటం ఆగకపోవడం ప్రేమ లేకపోవడం కాదని, బహుశా వాణ్ణి అంత దగ్గరగా చూడటానికి అదే చివరి అవకాశమని నా కళ్ళకి నా కంటే ముందే తెలిసిందని ఇప్పుడు అనుకుంటున్నాను.

గడిలో ఏముందో అదే

నేను చేసేది ఎచింగ్, అంటే లోహపు ప్లేటు మీద గీసిన గీతల్ని యాసిడ్‌తో తొలిపించి, వాటిలో సిరా నింపి కాగితం మీద అచ్చు తీయడం. చేసేవాళ్ళకి తెలుసు, అందులో గబగబా ఏడుస్తూ చేయడానికి కుదరదు. జింక్ ప్లేటు అంచులు ఆకురాయితో అరగదీయాలి, ఎమరీ కాగితంతో మెరిసేదాకా రుద్దాలి, జిడ్డు పోయేలా సుద్దపొడితో కడగాలి, యాసిడ్ తగలకుండా మైనం పూత (గ్రౌండ్) వేయాలి, ఆరనివ్వాలి, సూదితో గీయాలి, అప్పుడు నైట్రిక్ యాసిడ్‌లో ముంచాలి. యాసిడ్‌లో గీతల మీద బుడగలు లేస్తుంటే కోడి ఈకతో మెల్లగా తుడుస్తూ కూర్చోవాలి. చేయి తొందరపడితే యాసిడ్ గీతని తినేస్తుంది. తప్పు గీత పడితే చెరిపే రబ్బరు లేదు, గీకి, రుద్ది, నునుపు చేయాలి, అయినా దాని జాడ ఎక్కడో మిగులుతుంది.

2021 మొదట్లో గ్రీమ్స్ రోడ్డులో లలిత కళా అకాడమీ స్టూడియోకి మళ్ళీ వెళ్ళాను. తమ్ముడి మొహం వేద్దామని ప్లేటు సిద్ధం చేసుకోవడం, సూది పట్టుకుని కూర్చోవడం, ఏమీ గీయకుండా ఇంటికి రావడం. ఇలా ఎన్ని వారాలో. చివరికి నాన్నకి చెప్పాను, కళ్ళు గీయడం మొదలుపెట్టగానే చేయి ఆగిపోతోందని. ఆయన మొదట ఏమీ అనలేదు. మర్నాడు ఆ పాస్‌పోర్టు ఫోటో అసలుది, బాగు చేయనిది, జిరాక్సు షాపులో పెద్దది చేయించి తెచ్చాడు. స్కేలు తీసుకుని, వణికే చేత్తోనే గళ్ళు కొట్టాడు. ఆరు నిలువు వరసలు, ఎనిమిది అడ్డ వరసలు, 48 గళ్ళు. బ్యానర్ల పనిలో చిన్న స్టిల్లు ఫోటోని 40 అడుగులకి పెంచడానికి అందరూ చేసేది ఇదే. గళ్ళకి నంబర్లు వేసి, మిగతా కాగితం మీద ఇంకో కాగితం కప్పి, ఒక్క గడి మాత్రం కనబడేలా పెట్టాడు. "ఇదే చూడు. ఇందులో కన్నుందో ముక్కుందో నీకక్కర్లేదమ్మాయ్. గడిలో ఏముందో అదే దించు. అది అయ్యాక పక్క గడికి పో."

48 గళ్ళకి మూడు నెలలు పట్టింది. ఏ గడిలోనూ మా తమ్ముడు లేడు, కొంచెం నలుపు, కొంచెం తెలుపు, ఒక వంపు. మచ్చ వచ్చిన 16వ గడి కూడా ఒక చిన్న తెల్ల గీతే. ఆ మూడు నెలల్లో పని చేస్తూ నేను ఒక్కసారి కూడా ఏడవలేదు, ఇంటికొచ్చి ఏడ్చాను, అది వేరే. ఆ అమ్మాయికి చెప్పాలనుకున్నది ఇదే. ఆ బొమ్మలో ఏదైనా లోతు కనబడితే అది నేను బాధ పోసినందువల్ల వచ్చింది కాదు. బాధని గది బయట కూర్చోబెట్టి 48 సార్లు సరిగ్గా చూసినందువల్ల వచ్చింది. ఆ చూపు మా నాన్నకి కంపెనీలో వచ్చింది, నాకు ఆయన దగ్గరా కాలేజీలోనూ వచ్చింది, తమ్ముడు పోవడం వల్ల రాలేదు.

ఒప్పుకోవలసినవి

ఇదంతా చదివి నా స్నేహితురాలు ఒకామె ఒప్పుకోలేదు. పికాసో అంతా నీలం రంగులో వేసిన బొమ్మల మాటేమిటి, 1901లో స్నేహితుడు కాసగేమాస్ తనని తాను కాల్చుకున్నాకే కదా అవన్నీ, మరి నార్వే చిత్రకారుడు మంక్ సంగతి ఏమిటి అంది. న్యాయమైన ప్రశ్న. దుఃఖానికీ పనికీ సంబంధమే లేదని నేను అనడం లేదు. ఏ బొమ్మ వేయాలో దుఃఖం చెబుతుంది, అందులో సందేహం లేదు. ఎలా వేయాలో మాత్రం అది చెప్పదు. మంక్ అక్క సోఫీ 15 ఏళ్ళకే క్షయతో పోయింది, 1877లో. ఆయన "జబ్బు పిల్ల" మొదటి బొమ్మ మొదలుపెట్టింది 1885లో, మధ్యలో ఎనిమిదేళ్ళు. దాన్ని గీకి, మళ్ళీ వేసి, మళ్ళీ గీకి పూర్తి చేశాడు. తర్వాత 40 ఏళ్ళలో అదే బొమ్మని రంగుల్లో ఇంకో ఐదుసార్లు వేశాడు. బాధ బయటికి పోయి తేలికపడిన మనిషి ఆరుసార్లు వేస్తాడా?

నాకు ఎక్కువ దగ్గరైన మనిషి జర్మన్ కళాకారిణి కేతె కోల్విట్స్, ఆమె కూడా ప్రింట్లు చేసింది కాబట్టి. 1914 అక్టోబరులో 18 ఏళ్ళ కొడుకు పీటర్ బెల్జియంలో యుద్ధంలో పోయాడు. వాడికి ఒక స్మారకం చెక్కాలనుకుంది. మొదట అనుకున్న రూపంలో కొడుకు పడుకుని ఉంటాడు, తల్లీ తండ్రీ తల దగ్గరా కాళ్ళ దగ్గరా ఉంటారు. ఏళ్ళు చేసి 1919లో ఆపేసింది. మళ్ళీ మొదలుపెట్టింది. చివరికి 1932లో కొడుకుని పాతిపెట్టిన శ్మశానంలో నిలబెట్టినప్పుడు అందులో కొడుకు లేడు. మోకాళ్ళ మీద కూర్చున్న తల్లి, తండ్రి, ఇద్దరూ వేరు వేరు దిమ్మెల మీద, మధ్యలో ఖాళీ. దాదాపు 18 ఏళ్ళు పట్టింది, కొడుకు బతికినన్ని ఏళ్ళు. ఈ లెక్క మొదటిసారి తట్టినప్పుడు పుస్తకం మూసేసి లేచి బయట నడిచి వచ్చాను. నా 14 నెలలకి నన్ను జాలిగా చూసినవాళ్ళందరికీ ఈ సంగతి చెప్పాలనిపించింది.

మరి పని ఊరటే ఇవ్వలేదా అంటే, ఇచ్చింది. ప్లేటు రుద్దుతున్న రెండు గంటలూ మనసు నిలకడగా ఉండేది. కానీ మా పక్కింటి అత్త భర్త పోయాక డాబా మీద అప్పడాలు ఒత్తి ఆరబెట్టుకుంటూ అదే ఊరట పొందింది, ఆమె నోటితోనే విన్నాను. చేతికి పని ఇచ్చేది ఏదైనా అది చేస్తుంది. దాన్ని బొమ్మల గొప్పగా చెప్పుకోవడం నాకు ఇష్టం లేదు. బొగ్గు పట్టుకుని ఏడుస్తూ గీసి నిజంగా తేరుకున్నవాళ్ళు ఉన్నారు, వాళ్ళని మానమని అనను. ఆ కాగితాలు వాళ్ళవి, అవి మంచి బొమ్మలు కానక్కర్లేదు. నా తగువంతా వాటిని చూపించి ఇదే కళ అని పిల్లలకి చెప్పేవాళ్ళతో.

బొమ్మ వేయకుండా దుఃఖంతో బతకడం కూడా ఒక పనే. రాజమండ్రి చిత్రకారుడు దామెర్ల రామారావు గారు 1925లో మశూచితో పోయారు, 28 ఏళ్ళు కూడా నిండలేదు. ఆయన బొమ్మలు ఈ రోజు రాజమండ్రిలో గోడ మీద చూడగలుగుతున్నామంటే ఆయన భార్య, స్నేహితులు వాటిని కాపాడి పెట్టబట్టే. ఒకసారి వెళ్ళి చూసినప్పుడు నాకు బొమ్మల కంటే ముందు ఆ కాపాడిన చేతులే గుర్తొచ్చాయి. తమ్ముడు రికార్డు చేసిన టేకుల్లో వాడి గొంతు "రెడీ, రోలింగ్" అని వినబడే ముక్కలు స్టూడియోలో కుర్రాళ్ళు ఏరి పెన్‌డ్రైవ్‌లో వేసి ఇచ్చారు. నేను ఇంకా వినలేదు. దాన్ని పోనివ్వకుండా పెట్టుకున్నాను, ప్రస్తుతానికి నేను చేయగలిగింది అంతే.

అమ్మకం సంగతి ఇంకా తేల్చుకోలేదు. ఏడు ప్రింట్లు తీశాను. ఒకాయన కొంటానన్నారు, వెల కూడా మంచిదే. చెన్నై పక్క ఇంజంబాక్కంలో చోళమండలం అనే చిత్రకారుల ఊరు పెట్టినప్పుడు, 1966లో, చిత్రకారుడు పణిక్కర్ గారూ ఆయన వెంట వెళ్ళినవాళ్ళూ బతిక్ (మైనం అద్దకం) గుడ్డలు చేసి అమ్ముకుని, బొమ్మలు మాత్రం తమకి తోచినట్టు వేసుకున్నారు. నా పాఠ్యపుస్తకాల పనీ అలాంటిదే, దాని పుణ్యాన ఈ బొమ్మ అమ్మక తప్పదన్న పరిస్థితి లేదు. అయినా ఎడిషన్, అంటే తీయాలనుకున్న ప్రింట్లన్నీ, అయిపోయాక ప్లేటు మీద ఇటు నుంచి అటు గీత కొట్టెయ్యాలి, ఇంకెవరూ దాంతో ప్రింట్లు తీయకుండా. అది పద్ధతి. వాడి మొహం మీద ఆ గీత నేను కొట్టలేకపోయాను. న్యూస్‌పేపర్లో చుట్టి బీరువాలో పెట్టాను, ఇప్పటికీ అక్కడే ఉంది.

గోడ మీద ఆ కాగితం మార్చమని గ్యాలరీకి రాశాను. ఇంకెక్కడైనా పెడితే "48 గళ్ళు, జింక్ ప్లేటు మీద ఎచింగ్, 2021" అని ఉంటుంది. ఆ అమ్మాయి నంబరు తీసుకోలేదు, తీసుకుని ఉండాల్సింది. తనకి మా నాన్న గళ్ళు కొట్టిన జిరాక్సు కాగితం చూపించాలని ఉంది.

మచ్చ ఎటువైపు

మొదటి ప్రూఫ్ (సరిచూసుకోవడానికి తీసే ప్రింటు) తీసిన రోజు సంగతి. తడి కాగితం ప్రెస్ మీద నుంచి లేపి చూసుకుని, ఆరకముందే ఆటోలో ఇంటికి తెచ్చేశాను. నాన్న కళ్ళజోడు పెట్టుకుని ట్యూబ్‌లైట్ కింద పట్టుకున్నాడు. చాలాసేపు చూశాడు. "మచ్చ ఇటు వచ్చిందేంటి?"

గుండె ఆగినంత పనైంది. ఎచింగ్‌లో ప్లేటు మీద గీసింది కాగితం మీద తిరగబడి వస్తుంది. మామూలుగా ట్రేసింగ్ కాగితం తిప్పి దించుకుంటాం. 12 ఏళ్ళుగా చేస్తున్న పని. ఈసారి గడికి గడి చూసి నేరుగా ప్లేటు మీదే దించేశాను కాబట్టి ఆ సంగతే గుర్తు రాలేదు. ఎడమ కనుబొమ మచ్చ కుడి కనుబొమ మీదికి వచ్చింది, లాగిన పెదవి ఇటు లాగింది. మూడు నెలల పని. స్టూడియోవాడు మచ్చ తీసేశాడని అన్నేసి మాటలు అన్నదాన్ని, నేను దాన్ని రెండో వైపు పెట్టాను. మళ్ళీ చేస్తాను నాన్నా, ఇంకో ప్లేటు మీద తిప్పి చేస్తాను అన్నాను.

నాన్న జవాబు చెప్పలేదు. లేచి బీరువా దగ్గరికి వెళ్ళి, దాని తలుపు అద్దం ముందు ప్రింటు గుండెల దగ్గర పట్టుకుని నిలబడ్డాడు. అద్దంలో మచ్చ ఉండాల్సిన వైపు ఉంది. నేనూ వెళ్ళి పక్కన నిలబడ్డాను. తమ్ముడు రోజూ డ్యూటీకి వెళ్ళే ముందు తల దువ్వుకునేది ఆ అద్దంలోనే, వాడికి వాడి మొహం ఎప్పుడూ నాన్న చేతిలోని కాగితం మీద ఉన్నట్టే కనబడి ఉంటుంది, మాకు అద్దంలో ఉన్నట్టు.

"చెవి కొంచెం కిందికి రావాలి," అన్నాడు నాన్న అద్దంలోకి చూస్తూనే. "ఇరవై మూడో గడి మళ్ళీ చూసుకో."